ఎవరి ఆదాయం? – ఇంగ్లీషులో ‘హూజ్’ వాడే పద్ధతి



ఈ సంచికకు చదువు గురించి ఏదైనా రాయమని కార్యవర్గం వారు ఏటా అడుగుతూనే ఉన్నారు. మేము కూడా ఏటా ‘విద్య ప్రాముఖ్యం’ అని రెండు పేజీలు రాసి ఇస్తూనే ఉన్నాము. వాటిని ఎవరైనా చదివారన్న ఆనవాలు మాకు ఇంతవరకు దొరకలేదు. అందుకని ఈసారి ఉపన్యాసం మానేసి ఒక పాఠమే చెబుతున్నాము. ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట గురించిన పాఠం. ఆ మాట ‘హూజ్’. డబ్ల్యూ, హెచ్, ఓ, ఎస్, ఈ. ఐదు అక్షరాలు.

జకాత్ ఇచ్చేవారికి ఇంగ్లీషు వ్యాకరణంతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ ఐదు అక్షరాలను తప్పు చోట పెట్టి, మీరిచ్చిన సొమ్ము ఒక అమ్మాయికి అందకుండా చేసింది మేమే.

కొన్నేళ్ల క్రితం మాట. స్కాలర్‌షిప్ ప్రకటనను ఇంగ్లీషులో తయారు చేసే పని మాకు అప్పగించారు. తండ్రి లేని పిల్లలు, తల్లి సంపాదన ఏడాదికి లక్ష రూపాయల లోపు ఉన్నవారు దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నది కమిటీ నిర్ణయం. కూర్చుని మాట్లాడుకున్నది సగం ఉర్దూలో, సగం తెలుగులో. అందరికీ అర్థమైంది. ఇంటికొచ్చి మేము ఇంగ్లీషులో ఇలా రాశాము:

“ఆర్ఫన్ స్టూడెంట్స్ లివింగ్ విత్ గార్డియన్స్ హూజ్ యాన్యువల్ ఇన్‌కమ్ ఈజ్ బిలో వన్ లాఖ్ రుపీస్ మే అప్లై.”

రాసి, రెండుసార్లు చదువుకుని, బాగుందనే అనుకున్నాము. పిల్లల ఇంటి ఆదాయం గురించే చెప్పామని మా నమ్మకం. కానీ కాగితం మీద పడిన వాక్యం వేరే సంగతి చెబుతోంది. అందులో ‘హూజ్’ వచ్చింది ‘గార్డియన్స్’ అనే మాట పక్కన. కాబట్టి లక్ష లోపు ఉండాల్సింది సంరక్షకుడి ఆదాయం అని దాని అర్థం. దరఖాస్తులు పరిశీలించడానికి కూర్చున్న ఇద్దరు యువకులు కమిటీ సమావేశానికి వచ్చినవారు కారు. వాళ్ల చేతిలో ఉన్నది మేము రాసిన కాగితం ఒక్కటే. వాళ్లు దాని ప్రకారమే చేశారు, తప్పు వాళ్లది కాదు.

ఆ ఏడు ఒక పదో తరగతి అమ్మాయి దరఖాస్తు తిరస్కరించారు. తండ్రి లేడు. తల్లి చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఇద్దరూ మేనమామ ఇంట్లో వెనక గదిలో ఉంటారు. స్కూలు రికార్డులో గార్డియన్ అన్నచోట మామూ సంతకం ఉంది, ఆయనకు చిన్నదో పెద్దదో ఒక సర్కారు నౌకరీ ఉంది. ఆయన జీతం చూసి ఫారం పక్కన పెట్టేశారు. తల్లి మా ఇంటికి వచ్చేసరికి డబ్బు పంపిణీ అయిపోయి నెల దాటింది. ఆమె గొడవ పడలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఒక్క మాట అడిగింది: “మా భాయీజాన్ జీతం నా బిడ్డకు ఎట్లా లెక్క కడతారు మాస్టర్ సాబ్?”

మా దగ్గర జవాబు లేదు. ఆమె వెళ్లాక ప్రకటన తీసి మళ్లీ చదివాము. తప్పు అప్పుడు కనపడింది. ముప్ఫై ఏళ్లకు దగ్గరగా పిల్లలకు రిలేటివ్ క్లాజులు చెప్పిన మనిషికి, తన వాక్యంలో తప్పు ఒక తల్లి గుమ్మంలో నిలబడితే గాని కనపడలేదు.

సరే, పాఠంలోకి వద్దాము.

తెలుగు బుర్రలో ‘హూజ్’ ఎందుకు లేదు

“తండ్రి చనిపోయిన అమ్మాయి” అంటాము తెలుగులో. ఎవరి తండ్రి? ఆ అమ్మాయి తండ్రే. ఆ సంగతి చెప్పే మాట ఏదైనా వాక్యంలో ఉందా? లేదు. ‘ఆమె’ అన్న మాట లేదు, ‘యొక్క’ లేదు. వినేవాడు తన బుద్ధితో కలుపుకుంటాడు. “ఇల్లు కూలిపోయిన రైతు”, “జీతం రాని గుమాస్తా”, “కొడుకులు పట్టించుకోని ముసలాయన” – అన్నీ అంతే. ‘చనిపోయిన’, ‘కూలిపోయిన’, ‘రాని’ అనే క్రియారూపాన్ని నామవాచకం ముందు పెడితే చాలు, పని అయిపోయింది. మన భాషకున్న సౌకర్యం ఇది.

ఇదే సౌకర్యం ఇంగ్లీషులో కాలికి అడ్డం పడుతుంది. “తండ్రి చనిపోయిన అమ్మాయి”, “తండ్రి తిట్టిన అమ్మాయి” – తెలుగులో రెండింటి కట్టూ ఒకటే. కానీ మొదటిదానిలో అమ్మాయికీ తండ్రికీ ఉన్న సంబంధం ‘ఆమె తండ్రి’ అనేది. రెండోదానిలో తిట్లు తిన్నది అమ్మాయి. ఇంగ్లీషు ఈ రెండింటినీ ఒకే కట్టులో పెట్టనివ్వదు. మొదటిదానికి ‘హూజ్’ కావాలి, రెండోదానికి ‘హూమ్’. మన పిల్లవాడికి ఈ తేడా తెలుగులో ఎప్పుడూ అవసరం పడలేదు. అందుకే వాడు తెలిసిన ‘హూ’ ఒక్కటి పట్టుకుని, మిగిలిన ఖాళీలో ‘హర్’ పెట్టి ఇలా రాస్తాడు: “ది గర్ల్ హూ హర్ ఫాదర్ డైడ్.” మాకు వచ్చే దరఖాస్తుల్లో మేము ఎక్కువగా చూసే తప్పు ఇదే.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇది సులభంగా రావాలి కదా అని మేము మొదట్లో అనుకునేవాళ్లము. పుస్తకాల ఉర్దూలో ‘జిస్ కా’, ‘జిస్ కీ’, ‘జిస్ కే’ ఉన్నాయి. ‘హూజ్’కు అచ్చంగా సరిపోయే మాటలు. కానీ మన ఇళ్లలో పలికేది దక్కనీ. “వో లడ్కీ, జిస్ కే బాప్ గుజర్ గయే” అని మనలో ఎంతమంది అంటారు? “బాప్ గుజర్ గయే సో లడ్కీ” అంటాము. చూడండి, మాటలు ఉర్దూవి, కట్టు మాత్రం పూర్తిగా తెలుగుది. “తండ్రి చనిపోయిన అమ్మాయి”ని మాటకు మాట మార్చి పెట్టినట్టే ఉంది. వందల ఏళ్లు పక్కపక్కన బతికిన భాషలు అలా ఒకదాని నడక ఒకటి నేర్చుకున్నాయి. అందులో సిగ్గుపడవలసింది లేదు. పిల్లవాడికి ‘హూజ్’ చెప్పేటప్పుడు మాత్రం ఆ ‘జిస్ కా’ను బయటికి తీసి చూపించాలి.

మదరసాలో నాలుగేళ్లు చదివి మా బడికి వచ్చిన కుర్రాడి సంగతి ఇంకా విచిత్రం. వాడు కూడా “ది బాయ్ హూ హిజ్ ఫాదర్ డైడ్” అనే రాశాడు. తప్పని చెబితే ఒప్పుకోలేదు. అరబీలో ఇలాగే కదా అన్నాడు. ఆలోచిస్తే వాడు చెప్పింది నిజం. “అల్ వలదుల్లజీ మాత అబూహు” అంటే మాటకు మాట ‘ఏ అబ్బాయి అయితే, అతని తండ్రి చనిపోయాడో’ అని. ‘అల్లజీ’ తర్వాత ‘అబూహు’లోని ‘హు’ – అంటే ‘అతని’ – వెనక్కి వచ్చి అబ్బాయిని పట్టుకుంటుంది. అలా తిరిగి వచ్చే సర్వనామాన్ని అరబీ వ్యాకరణంలో ‘ఆయిద్’ అంటారు. అరబీలో అది ఉండి తీరాలి. ఇంగ్లీషులో అది ఉంటే తప్పు. ఎందుకంటే ఇంగ్లీషువాడు ‘హూ’నూ ‘హిజ్’నూ రెండింటినీ కలిపేసి ఒకే మాట చేసుకున్నాడు. అదే ‘హూజ్’. ఆ కుర్రాడికి ఇలా చెప్పిన రోజు నుంచి మళ్లీ తప్పు చేయలేదు. తెలివితక్కువతనం వల్ల కాక, మరో భాష బాగా తెలిసి ఉండడం వల్ల వచ్చే తప్పులు కొన్ని ఉంటాయి. వాటిని ఎర్ర సిరాతో కొట్టేసి ఊరుకుంటే పిల్లవాడికి అన్యాయం చేసినట్టే.

ఈ సంగతికి మీకందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. జకాత్ ఎవరికి చెందుతుందో చెప్పే తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలు ఉన్నాయి. ప్రతి రంజాన్‌లో ప్రసంగాల్లో వింటూనే ఉంటాము. అందులో నాలుగో వర్గాన్ని చెప్పే మాట చివర ‘ఖులూబుహుం’ అని ఉంది – ‘వారి హృదయాలు’. ఎవరి హృదయాలను దగ్గర చేసుకోవాలో వారు అని భావం. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు అబ్దుల్లా యూసుఫ్ అలీ గారు, మార్మడ్యూక్ పిక్తాల్ గారు ఇద్దరూ ‘హూజ్’నే ఆశ్రయించారు. పిక్తాల్ గారు మన హైదరాబాదులో నిజాం కొలువులో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారే. ఆయన అనువాదం 1930లో అచ్చయింది. అరబీలో మాట చివర తోకలా ఉన్న ‘హుం’, ఇంగ్లీషుకు వచ్చేసరికి ముందుకు వచ్చి ‘హూజ్’ అయి కూర్చుంది. ఇంట్లో ఈ రెండు అనువాదాల్లో ఏది ఉన్నా తీసి చూడండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మన దానధర్మాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట ‘యతీం’. దానికి ఇంగ్లీషులో సరైన ఒక్క మాట లేదు. ‘ఆర్ఫన్’ అంటే మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ లేని బిడ్డ అనుకుంటారు. మన షరీఅత్‌లో యతీం అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. తల్లి ఉన్నా యతీమే. దాన్ని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాలంటే “ఎ చైల్డ్ హూజ్ ఫాదర్ హాజ్ డైడ్” అనే అనాలి. మా ప్రకటనలో ‘ఆర్ఫన్’ అన్న మాట కూడా సరైనది కాదని మాకు తర్వాతే తట్టింది. తల్లి ఉంది కాబట్టి తమ పిల్లలు ఆర్ఫన్ కిందికి రారనుకుని అసలు దరఖాస్తే పెట్టనివారు ఎంతమంది ఉన్నారో.

రెండు వాక్యాలను ఒకటి చేయడం

మేము బోర్డు మీద ముందు రెండు చిన్న వాక్యాలు రాస్తాము.

“ది గర్ల్ గాట్ ది ఫస్ట్ ర్యాంక్. హర్ ఫాదర్ సెల్స్ ఫ్రూట్.” ఆ అమ్మాయికి మొదటి ర్యాంకు వచ్చింది. ఆమె తండ్రి పండ్లు అమ్ముతాడు.

రెండో వాక్యంలో ‘హర్’ కింద గీత గీయిస్తాము. హిజ్, హర్, ఇట్స్, దెయిర్ – ఈ నాలుగింటిలో ఏది ఉన్నా సరే, దాన్ని తుడిచేసి ఆ చోటులోనే ‘హూజ్’ రాయాలి. “హూజ్ ఫాదర్ సెల్స్ ఫ్రూట్.” ఇప్పుడు ఈ ముక్కనంతా ఎత్తి, ఎవరి గురించి చెబుతున్నామో ఆ మాట పక్కన ఆనించి పెట్టాలి. “ది గర్ల్ హూజ్ ఫాదర్ సెల్స్ ఫ్రూట్ గాట్ ది ఫస్ట్ ర్యాంక్.”

పిల్లలు తుడవడం దగ్గర తప్పు చేయరు. ఎత్తి పెట్టడం దగ్గర చేస్తారు. వాక్యం చివర తగిలించేస్తారు: “ది గర్ల్ గాట్ ది ఫస్ట్ ర్యాంక్ హూజ్ ఫాదర్ సెల్స్ ఫ్రూట్.” అప్పుడు పండ్లు అమ్మేది ర్యాంకు గారి తండ్రి అవుతాడు. క్లాసులో ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు. మేమూ నవ్విస్తాము. మా ప్రకటనలో జరిగింది కూడా అచ్చంగా ఇదే తప్పని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ‘హూజ్’కు దూరదృష్టి లేదు. పక్కన ఏ నామవాచకం ఉంటే దాన్నే పట్టుకుంటుంది.

ఇంట్లో పిల్లలకు నేర్పేవారికి ఇంకో ఉపాయం. తెలుగు వాక్యాన్ని ముందు ‘ఎవరి – ఓ’ కట్టులోకి మార్చమనండి. “తండ్రి పండ్లు అమ్మే అమ్మాయి” అన్నదాన్ని “ఎవరి తండ్రి పండ్లు అమ్ముతాడో ఆ అమ్మాయి” అనమనండి. ఇలా మనం మామూలుగా మాట్లాడము, సర్కారు నోటీసులో ఉన్నట్టుంటుంది. ఉంటే ఉండనివ్వండి. ‘ఎవరి’ బయటపడింది కదా, దాని చోటే ‘హూజ్’ చోటు. ‘ఎవరి’ రాకుండా ‘ఎవరు’ వస్తే ‘హూ’, ‘ఎవరిని’ వస్తే ‘హూమ్’. ఈ లెక్క కుదిరితే సగం పాఠం అయినట్టే.

‘హూజ్’ తర్వాత నేరుగా నామవాచకం రావాలి. మధ్యలో ‘ది’ గాని ‘హర్’ గాని రాకూడదు. “హూజ్ ది ఫాదర్” తప్పు. ‘హూజ్’లోనే స్వాధీనం ఉంది, మళ్లీ ఇంకొకటి ఎందుకు? ఉర్దూ పిల్లలకు ఇక్కడ ఒక సుఖం కూడా ఉంది. తండ్రికి ‘జిస్ కా’, తల్లికి ‘జిస్ కీ’ అని మార్చుకోనక్కర్లేదు. తండ్రి అయినా తల్లి అయినా, ఒకరైనా పదిమంది అయినా ‘హూజ్’ మారదు.

క్రియ విషయంలో మాత్రం కాస్త ఆగాలి. “ది స్టూడెంట్ హూజ్ పేరెంట్స్ వర్క్ ఇన్ ది ఫీల్డ్స్” – పొలాల్లో పనిచేసేది తల్లిదండ్రులు, ఇద్దరు, కాబట్టి ‘వర్క్’. “ది పేరెంట్స్ హూజ్ సన్ వర్క్స్ ఇన్ దుబాయ్” – దుబాయిలో పనిచేసేది ఒక్క కొడుకు, కాబట్టి ‘వర్క్స్’. క్రియ చూడవలసింది ‘హూజ్’ తర్వాతి మాటను. ముందు మాటను కాదు.

ఇంతవరకు ‘హూజ్’ పక్కనున్న మాటే పని చేస్తోంది. తండ్రి అమ్ముతున్నాడు, కొడుకు పనిచేస్తున్నాడు. “మేము ఎవరి ఇల్లు అద్దెకు తీసుకున్నామో ఆయన” అనాలంటే? “ది మ్యాన్ హూజ్ హౌస్ వి రెంటెడ్.” ఇక్కడ ఇల్లు ఏ పనీ చేయడం లేదు, అద్దెకు పోయింది. అయినా ‘హూజ్ హౌస్’ రెండూ జంటగా ముందుకు రావాలి. పిల్లలు ‘హూజ్’ను ఒక్కదాన్నే ముందుకు లాక్కొచ్చి ఇంటిని వెనక వదిలేస్తారు: “హూజ్ వి రెంటెడ్ హౌస్.” ఆ జంటను విడదీయకూడదు.

దాతలకు ఉత్తరాలు రాసే పిల్లలకు అన్నిటికంటే అవసరమైన కట్టు ఇప్పుడు చెప్పబోయేది. “ఎవరి సాయంతో చదువుకున్నానో ఆ దాత” – “ది డోనర్ విత్ హూజ్ హెల్ప్ ఐ స్టడీడ్.” ‘విత్’ ముందు వస్తుంది, ఆ తర్వాత ‘హూజ్ హెల్ప్’. అలాగే “ది టీచర్ ఇన్ హూజ్ క్లాస్ ఐ లర్న్‌ట్ దిస్.” తెలుగులో ‘తో’, ‘లో’ మాట చివర వస్తాయి. ఇంగ్లీషులో ముందు వస్తాయి. అందువల్ల పిల్లలు “హూజ్ విత్ హెల్ప్” అని మధ్యలో ఇరికిస్తారు. ఉత్తరంలో మిగతాదంతా బాగున్నా ఈ ఒక్క చోట చదివేవారికి కాలు తట్టుకుంటుంది.

మనుషులకేనా, వస్తువులకు కూడానా

మేము బీఈడీ చదివేటప్పుడు ఒక లెక్చరర్ గారు ‘హూజ్’ను మనుషులకే వాడాలి, వస్తువులకు ‘ఆఫ్ విచ్’ వాడాలి అని గట్టిగా చెప్పేవారు. మేమూ చాలా ఏళ్లు పిల్లలకు అదే చెప్పాము. తర్వాత తెలిసింది, అది అంత గట్టి సూత్రం కాదని. పాత ఇంగ్లీషులో ‘ఎవరు’ అన్న మాటకూ ‘ఏది’ అన్న మాటకూ షష్ఠీ రూపం ఒక్కటే. ఆ రూపం నుంచి వచ్చిందే నేటి ‘హూజ్’. అంటే పుట్టుకతోనే అది ఇద్దరిదీ. మిల్టన్ 1667లో అచ్చయిన ‘ప్యారడైజ్ లాస్ట్’ను మొదలుపెడుతూనే ఒక చెట్టు గురించి ‘హూజ్’ వాడాడు. ఇంగ్లీషు వాడుకకు పెద్దదిక్కు అనిపించుకున్న ఫౌలర్ 1926 నాటి తన పుస్తకంలో, వస్తువులకు ‘హూజ్’ వాడవద్దనే వారి మాటను కొట్టిపారేశాడు.

కాబట్టి “ఎ స్కూల్ హూజ్ రూఫ్ లీక్స్” – పైకప్పు కారే బడి – నిక్షేపంలా సరైనదే. “ఎ స్కూల్ ది రూఫ్ ఆఫ్ విచ్ లీక్స్” కూడా సరైనదే. చదవడానికి మాత్రం రెండోది గోడకు నిచ్చెన వేసి ఎక్కినట్టు ఉంటుంది. మన వక్ఫ్ ఆస్తుల గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇది తరచూ అవసరపడుతుంది: “ఎ షాప్ హూజ్ రెంట్ గోస్ టు ది మాస్క్” – అద్దె మసీదుకు వెళ్లే దుకాణం. దీన్ని చూసి ఎవరైనా పెద్దమనిషి ‘ఆఫ్ విచ్’ అని దిద్దితే, దిద్దనివ్వండి, వాదించకండి. పరీక్ష పేపరులో మాత్రం పిల్లవాడి మార్కు కోసేస్తే అడగండి.

ఒకే శబ్దం, రెండు రాతలు

ఈ వ్యాసమంతా తెలుగు లిపిలో రాస్తున్నందువల్ల ఒక ఇబ్బంది దాగిపోయింది. ‘హూజ్’ అని పలికే మాటలు ఇంగ్లీషులో రెండున్నాయి. ఒకటి ఇప్పటిదాకా మనం చెప్పుకున్నది, చివర ఎస్, ఈ. రెండోది డబ్ల్యూ, హెచ్, ఓ తర్వాత పైన అపాస్ట్రఫీ పెట్టి ఎస్. అది ‘హూ ఈజ్’ లేదా ‘హూ హాజ్’కు కుదింపు. చెవికి రెండూ ఒకటే. అందుకే ఇంగ్లీషు తల్లిభాష అయినవారు కూడా రాతలో తరచూ పొరబడతారు.

పిల్లలు పొరబడడానికి వేరే కారణం కూడా ఉంది. ‘సల్మాస్ బుక్’, ‘ఫాదర్స్ షాప్’ అన్నప్పుడు స్వాధీనానికి అపాస్ట్రఫీ పెట్టమని చెప్పింది మేమే. మరి ‘హూజ్’ కూడా స్వాధీనమే కదా, దానికెందుకు పెట్టకూడదు? పిల్లవాడి తర్కం న్యాయమైనదే. జవాబు ఏమిటంటే, హిజ్, హర్, ఇట్స్ అనే సర్వనామాలకు అపాస్ట్రఫీ లేదు, ‘హూజ్’ ఆ కుటుంబానిదే. రాశాక అనుమానం వస్తే ఆ చోట ‘హూ ఈజ్’ పెట్టి చదివి చూడమంటాము. అర్థం కుదిరితే అపాస్ట్రఫీ ఉంటుంది, కుదరకపోతే ఉండదు.

కామాలో దాగిన లెక్క

ఇది ప్రత్యేకంగా దాతల కోసం. ఏ సంస్థ అయినా ఇంగ్లీషులో ఇచ్చే వార్షిక నివేదికలో ఇలాంటి వాక్యం కనిపించవచ్చు:

“ది గర్ల్స్ హూజ్ ఫీజ్ వి పెయిడ్ హావ్ పాస్డ్.”

ఇందులో కామా లేదు. అర్థం: చాలామంది అమ్మాయిలు ఉన్నారు, వారిలో మేము ఫీజు కట్టినవారు పాసయ్యారు. మిగతావారి సంగతి చెప్పలేదు. ఇదే వాక్యంలో ‘గర్ల్స్’ తర్వాత ఒక కామా, ‘పెయిడ్’ తర్వాత ఒక కామా పెట్టండి. అర్థం మారిపోతుంది: అమ్మాయిలందరూ పాసయ్యారు, అందరికీ ఫీజు మేమే కట్టాము. మొదటి వాక్యంలో ‘హూజ్’ ముక్క ఎవరెవరో విడదీసి చూపిస్తోంది. రెండోదానిలో విడదీయడం లేదు, ఊరికే అదనంగా ఒక సంగతి చెబుతోంది. తీసేసినా వాక్యం నిలబడుతుంది. నోటితో చదివితే కామా దగ్గర చిన్న ఆగు వస్తుంది, అంతే తేడా. కాగితం మీద ఆ తేడా ఎంతమంది పిల్లలో, ఎంత డబ్బో అనేదాకా వెళ్తుంది. నివేదిక చదివేటప్పుడు అనుమానం వస్తే కార్యదర్శి గారిని అడగండి. మా సంస్థ నివేదిక అయినా సరే.

తెలుగులో ఈ తేడాను కామాతో చెప్పము. “మేము ఫీజు కట్టిన అమ్మాయిలు పాసయ్యారు” అంటే రెండు అర్థాలూ రావచ్చు. అందరి గురించి చెప్పాలంటే మనం ‘అందరూ’ అని విడిగా మాట వేస్తాము.

ఇక మళ్లీ ఆ ప్రకటన దగ్గరికి వస్తాము. మరుసటి ఏడు దాన్ని ఇలా మార్చాము:

“స్టూడెంట్స్ హూ హావ్ లాస్ట్ దెయిర్ ఫాదర్ అండ్ హూజ్ మదర్స్ యాన్యువల్ ఇన్‌కమ్ ఈజ్ బిలో వన్ లాఖ్ రుపీస్ మే అప్లై.”

ఇందులో ‘హూ’, ‘హూజ్’ రెండూ ‘స్టూడెంట్స్’నే చూస్తున్నాయి. ‘గార్డియన్’ అన్న మాటే తీసేశాము. ‘హూజ్ మదర్స్ ఇన్‌కమ్’ అన్నచోట ‘మదర్’కు అపాస్ట్రఫీ ఉంది, ‘హూజ్’కు లేదు. ఎవరి తల్లి ఆదాయమో సందేహం లేదు. దాని కిందే తెలుగులోనూ ఉర్దూలోనూ కూడా అచ్చు వేయిస్తున్నాము. మూడింటిని ముగ్గురు వేర్వేరు మనుషులు చదివి, అర్థం ఒక్కటేనని సంతకం పెట్టాకే ప్రెస్సుకు వెళ్తుంది.

ఆ అమ్మాయి ఆ ఏడు మా సాయం లేకుండానే సర్కారు జూనియర్ కాలేజీలో చేరింది. పుస్తకాలకు వాళ్లమ్మ ఎవరి దగ్గర చేబదులు తీసుకుందో మాకు చెప్పలేదు. తర్వాతి ఏడు స్కాలర్‌షిప్ అందింది. ముందటి ఏటిది మాత్రం అందలేదు. పద్దులు మూసేశాక ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోలేదు. మేము సొంతంగా ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

ఇంట్లో పిల్లలతో కూర్చుని చేయించడానికి ఐదు వాక్యాలు ఇస్తున్నాము. ముందు ‘ఎవరి – ఓ’ కట్టులోకి మార్చి, ఆ తర్వాత ఇంగ్లీషులో రాయించండి.

తల్లి బీడీలు చుట్టే అబ్బాయికి గణితంలో నూటికి నూరు వచ్చాయి.
మేము ఎవరి దుకాణంలో బట్టలు కొన్నామో ఆయన మా నాన్న స్నేహితుడు.
గోడలు పగిలిన బడిలో మేము చదువుకున్నాము.
నాకు ఫీజు కట్టిన ఆయన పేరు నాకు తెలియదు.
ఎవరి సాయంతో చదువుకున్నానో ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

నాలుగోదాన్ని జాగ్రత్తగా చూడండి. ‘ఆయన పేరు’ అని ఉంది కదా అని పిల్లలు ‘హూజ్’ పెట్టబోతారు. కానీ ఫీజు కట్టింది ఆయన, అక్కడ వచ్చేది ‘ఎవరు’. కాబట్టి ‘హూ’ చాలు: “ఐ డోంట్ నో ది నేమ్ ఆఫ్ ది మ్యాన్ హూ పెయిడ్ మై ఫీజ్.” ఐదోదానికి ‘విత్ హూజ్ హెల్ప్’ అని రాసినా, ‘హూజ్ హెల్ప్’ ముందు పెట్టి ‘విత్’ను చివరికి తోసినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఉత్తరంలో మొదటిదే వినసొంపుగా ఉంటుంది. మూడోదానికి రెండు జవాబులున్నాయి. ‘హూజ్’తో ఒకటి, ‘ఆఫ్ విచ్’తో ఒకటి. పిల్లలు ఏది రాసినా మార్కు ఇవ్వండి.